రేజర్ రేటు మీద వదినా మరుదుల వాదన

రవికి తెనాలిలో సబ్బులు, షాంపూల ఏజెన్సీ ఉంది. ఆ లెక్కలు రాసి నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేది అతని వదిన సుజాత. ఒకే రకం వస్తువు మీద ఆడవాళ్లది అని రాస్తే ధర పెరిగిపోతుందని, దాన్నే పింక్ ట్యాక్స్ అంటారని ఆవిడ వాదన. అదంతా ఉత్తమాట అని అతని వాదన. ఇద్దరూ కల్పించిన మనుషులే గానీ, ఈ మాటలు మన ఇళ్లలో వినబడేవే.

సుజాత: ఇన్‌వాయిస్‌లు చూస్తున్నాను రవీ. ఒకే కంపెనీ రేజర్లు, మగవాళ్లవి, ఆడవాళ్లవి. పిడి రంగు మారింది, దాంతోపాటు రేటూ మారింది. ఏమంటావు?

రవి: రంగొక్కటే మారిందని ఎలా అంటారు వదినా? ఆడవాళ్ల రేజర్‌కి తల గుండ్రంగా ఉంటుంది, తడి చేత్తో పట్టుకున్నా జారకుండా పిడి లావుగా చేస్తారు. పైగా మగవాళ్లవి పెట్టెలకి పెట్టెలు పోతాయి, ఆడవాళ్లవి షాపుకి నాలుగు వేస్తే రెండు వెనక్కి వస్తాయి. మెల్లగా కదిలే సరుకుకి ఎక్కడైనా రేటు ఎక్కువే.

సుజాత: సరే, రేజర్ వదిలెయ్. షాంపూ కూడా ఆడవాళ్లు తక్కువ కొంటారా? న్యూయార్క్ నగరంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2015లో దాదాపు 800 వస్తువుల్ని జతలు జతలుగా పెట్టి చూసింది. మొత్తం మీద ఆడవాళ్లవి సగటున 7 శాతం ఎక్కువ, షాంపూ, డియోడరెంట్, రేజర్ లాంటివాటిలో అయితే 13 శాతం.

రవి: అందులోనే 18 శాతం సార్లు మగవాళ్ల వస్తువే ఖరీదని కూడా ఉంది. ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

సుజాత: ఆడవాళ్లది ఖరీదైనవి 42 శాతం. అది నువ్వూ చెప్పలేదుగా.

రవి: ఇంకొకటి చెప్తా వినండి. 2023లో మార్కెటింగ్ సైన్స్ అనే పత్రికలో అమెరికా షాపుల అమ్మకాల లెక్కలు తీసి ఒక పరిశోధన వేశారు, అందులో డబ్బా మీద బొమ్మ కాదు, లోపల కలిపిన పదార్థాలు చూసి పోల్చారు. పదార్థాలు ఒకేలా ఉన్నచోట ధరలో తేడా చాలా తక్కువ, ఐదు రకాల్లో మూడింటిలో ఆడవాళ్లదే చవక. ఇంకేం పింక్ ట్యాక్స్?

సుజాత: మంచి పేపరే. కానీ నువ్వు చివరి పేజీ చదివి మొదటి పేజీ వదిలేశావు. 80 శాతానికి పైగా వస్తువుల్ని ఆడ, మగ అని విడదీసే అమ్ముతున్నారని, ఆ రెండింటి ఫార్ములాలు కలిసేది బాగా తక్కువని, ఆ తేడా చూపించే ఒకే కంపెనీవాళ్లు తమ ఆడ, మగ వస్తువుల మధ్య పెద్ద పెద్ద ధరల తేడాలు నడుపుతున్నారని కూడా అందులోనే ఉంది. అంటే ముందు పోల్చడానికి వీల్లేకుండా రెండు దారులు చేస్తారు, తర్వాత పోల్చగలిగిన ఆ కాసిన్నింటిలో తేడా లేదు చూడండి అని మీలాంటివాళ్లు చెప్తారు. న్యూయార్క్ రాష్ట్రం 2020లో, కాలిఫోర్నియా 2023 జనవరి నుంచి ఇలాంటి ధరల్ని నిషేధించాయి, నిజమే, కానీ ఆ చట్టాలు దాదాపు ఒకేలా ఉన్న వస్తువులకే. మనకి ఆ మాత్రం కూడా లేదు.

రవి: చట్టం దేనికి? మగవాళ్లదే కొనుక్కోండి, ఎవరు కాదన్నారు?

సుజాత: నేను కొంటాను. ఇరవై ఏళ్ల పిల్ల కిరాణా కొట్టు కౌంటర్ దగ్గర నిలబడి మగవాళ్ల రేజర్ అడిగితే, ఎవరికమ్మా అంటాడు కొట్టాయన. మగవాళ్ల డియోడరెంట్ కొట్టుకుని ఆఫీసుకి వెళ్తే పక్క సీటువాళ్లు ముక్కులెగరేస్తారు. రేటు మార్చడానికి అదే మీ కంపెనీలకి ధైర్యం.

రవి: కంపెనీల్ని తిట్టండి, సరే. ప్రభుత్వం మాత్రం మీకే మేలు చేస్తోంది. న్యాప్కిన్ల మీద జీఎస్టీ 2018లోనే తీసేశారు, బ్యూటీ పార్లర్ల మీద 18 నుంచి 5 చేశారు, బస్సు కూడా ఫ్రీ.

సుజాత: న్యాప్కిన్ల మీద ఏడాది పాటు 12 శాతం వేసి, ఆడవాళ్లు గొడవ చేస్తే తీశారు. బస్సుకీ రేజర్‌కీ ఏమిటో సంబంధం నాకైతే తెలీదు! నువ్వు జీఎస్టీ ఎత్తావు కాబట్టి చెప్తున్నా. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దిగిన జాబితా నేనే కదా నీ కంప్యూటర్లో మార్చింది, జీఎస్టీలో వస్తువులకిచ్చే కోడ్‌లలో 3307 కింద షేవింగ్ క్రీమ్, షేవింగ్ లోషన్, ఆఫ్టర్‌షేవ్ ఉన్నాయి. అదే కోడ్‌లో ఉండే హెయిర్ రిమూవల్ క్రీమ్ ఆ జాబితాలో లేదు, 18లోనే ఉండిపోయింది. రెండూ వెంట్రుకలు తీసుకోవడానికే కదా. గడ్డం నిత్యావసరం, కాళ్లూ చేతులూ విలాసమా?

రవి: (కాసేపు ఆగి) అది ఎవరో కావాలని చేసినట్టు నాకు అనిపించదు. షేవింగ్ అంటే ప్రతి ఇంట్లో ఉంటుంది కాబట్టి రాశారు. సబ్బు, తలనూనె, షాంపూ, టాల్కం పౌడర్ అన్నీ 5కి వచ్చాయిగా, ఇంట్లో అవి ఎక్కువ అయ్యేది ఎవరికి?

సుజాత: కావాలని చేశారని నేనూ అనలేదు. నిత్యావసరాల జాబితా రాసే చోట ఆ క్రీమ్ గుర్తు రాలేదు, నా బాధ అదే.

రవి: మగవాళ్లకీ తక్కువేం లేదు వదినా. 2005లో ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ అని మగవాళ్ల ఫెయిర్‌నెస్ క్రీమ్ వచ్చినప్పటి నుంచి చూడండి, నల్ల ట్యూబు మీద మెన్ అని రాస్తే చాలు, కుర్రాళ్లు రేటు చూడకుండా పట్టుకుపోతున్నారు.

సుజాత: వాళ్లనీ దోచుకుంటున్నారు, ఒప్పుకుంటా. అది నా వాదనకే బలం.

రవి: మరి సెలూన్? ఆడవాళ్ల జుట్టుకి టైమ్ పడుతుంది, రేటెక్కువ పెడితే తప్పా?

సుజాత: టైమ్‌కి పెట్టు, జుట్టు పొడుగుకి పెట్టు. కాలిఫోర్నియాలో 1995 చట్టం సేవల విషయంలో చెప్పింది అదే. నా జుట్టు మెడ దాకా లేదు, మీ అన్నయ్యది నాకంటే పొడుగు, అయినా బోర్డు మీద లేడీస్ కటింగ్ రేటే కట్టాలి.

రవి: (నవ్వి) అన్నయ్యని మధ్యలోకి లాగకండి. పోల్చుకోవాలంటే దారి ఉంది. ప్యాకెట్ మీద గ్రాముకి ఎంత, ఒక్కోటి ఎంత అని ఇప్పుడు అచ్చు వేస్తున్నారు, ఎంఆర్‌పీ పక్కనే. చూసి కొనమనండి.

సుజాత: ఆ అక్షరాలు కనబడాలంటే భూతద్దం కావాలి. పైగా మగవాళ్ల ర్యాక్ ఆ మూల, ఆడవాళ్ల ర్యాక్ ఈ మూల ఉంటే రెండు ప్యాకెట్లూ చేతుల్లోకి తీసుకునేది ఎవరు? నీ షాపులవాళ్లకి చెప్పు, రెండు రేజర్లూ పక్కపక్కన పెట్టమని.

రవి: ఏది ఎక్కడ పెట్టాలో షాపువాడు చెప్పడు వదినా, కంపెనీ చెప్తుంది. డిస్‌ప్లే స్కీమ్‌కి డబ్బులిచ్చేది అందుకే, ఆ ఎంట్రీలు వేసేదీ మీరే. పక్కపక్కన పెడితే ఈ మూడు నెలల స్కీమ్ డబ్బులు పోతాయి. ఏ ఖాతాలో రాస్తారు?

సుజాత: నష్టాల ఖాతాలో రాస్తాలే, ఒక్క షాపులో పెట్టి చూడు.