కోడి ఎత్తుకుపోయిన కోడి

హవాయిలోని కవాయి దీవిలో ఆరుబయట ప్లేట్ లంచ్ తినాలంటే ఒక చేత్తో తింటూ రెండో చేత్తో కోళ్లను తోలుకోవాలి. 1992లో ఇనికీ తుఫాను గూళ్లన్నీ విరగ్గొట్టాక ఇలా ఊరి మీద పడ్డాయని అక్కడివాళ్లు చెబుతారు. మా మామగారికి ముందే చెప్పాం. వింటే ఆయన భీమవరం మనిషి ఎందుకవుతారు?

ప్లేట్ లంచ్ అంటే రెండు గరిటెల అన్నం, మయొనేజ్ దట్టించిన మాకరోనీ సలాడ్, పక్కన ఏదో ఒక మాంసం. చెరుకు తోటల్లో పనికి 1852లో చైనా వాళ్లు, 1885 నుంచి పెద్ద ఎత్తున జపాన్ వాళ్లు, 1906లో ఫిలిప్పీన్స్ వాళ్లు వచ్చారు. వాళ్ల మధ్యాహ్నం క్యారియర్లే చివరికి ఈ ప్లేటయ్యాయి. ఇది విని మామగారు నొచ్చుకున్నారు. "చెరుకూ మనకి తెలుసు, అన్నమూ మనకి తెలుసు. ఫిజీ దాకా పోయిన మనవాళ్లు ఇక్కడిదాకా రాలేకపోయారా?"

ఆయన చికెన్ కట్సు తీసుకున్నారు. బ్రెడ్ పొడి అద్ది కరకరలాడేలా వేయించిన కోడి. అత్తగారు సంచిలోంచి ఆవకాయ సీసా తీశారు. అన్నం ఐస్‌క్రీం గరిటెతో పెడతారు, పైగా జిగురు బియ్యం. మామగారు కలపబోతే ముద్ద మొత్తం చేతికి లేచొచ్చింది.

"ఇది అన్నం కాదే, సున్నుండ."

అప్పుడొచ్చింది పుంజు. ఎర్రటి ఈకలు, నల్ల తోక.

"డేగ! అల్లుడుగారూ, పక్కా డేగ!" ఎర్ర పుంజుని పందెంరాయుళ్లు అలాగే అంటారు. ఇక అన్నం ఎవరికి కావాలి? కాళ్ల మందం, మెడ నిలువు, సంక్రాంతి బరిలో పలికే ధర అన్నీ చెప్పుకొచ్చారు. అది తల వాల్చి వింటున్నట్టే వింటూ ఒక్కో అడుగూ దగ్గరికి జరిగింది.

"ప్లేటు చూసుకోండి" అన్నారు అత్తగారు.

"నువ్వుండవే."

పుంజు బల్ల మీదికి ఎగిరి, ఉన్నవాటిలో పెద్ద ముక్క పట్టుకుని పారిపోయింది. వెనకాల పెట్టలు, పిల్లలు.

"రామ రామ, కోడే కోడిని తినేస్తోందండీ!"

మామగారి మొహంలో కోపం లేదు సరికదా, గర్వం. "దూకుడు చూశావా?"

ఆ దూకుడు మళ్లీ వచ్చి ఆవకాయ పులిమిన ముద్దని కూడా పొడుచుకు తినేసింది. పక్షులకి మిరపకారం తెలియదంటారు. మామగారు ఒప్పుకోలేదు. ఆవకాయ తిని నీళ్లు అడగలేదంటే అది మన జిల్లాదే అన్నారు.

నేను వెళ్లి వెల్లుల్లి రొయ్యల ప్లేటు తెచ్చాను. అత్తగారు దాన్ని లాక్కుని, కారెక్కి, అద్దాలు పైకెత్తుకుని తిన్నారు. మామగారు బయటే నిలబడి అద్దం మీద తడుతున్నారు, ఆకలేసి కాదు, దానికి ఒక్క రొయ్య వెయ్యమని.