తాళాల గుత్తికి తెలిసిన చరిత్ర

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల దగ్గర పికొంతాల్ అనే పాత కోట ఒకటుంది. గదుల్లో పరిచిన చెక్కలు మార్చాల్సివచ్చి ఊడదీస్తే, వాటి అడుగున పెన్సిలు రాతలు కనిపించాయి. 1880-81లో ఆ చెక్కలు పరిచిన జోవాకిమ్ మార్తాన్ అనే వడ్రంగి రాసుకున్నవవి. ఒకటీ రెండూ కాదు, డెబ్బై దాకా ఉన్నాయి. పసికందును చంపి కప్పిపెట్టిన ఉదంతం, చర్చి గురువు ఆడవాళ్లతో మెలిగే తీరు, తన బతుకు గోడు, అన్నీ రాశాడు. మేకు దిగ్గొట్టాక ఆ చెక్కను తను బతికుండగా ఎవరూ తిప్పి చూడరన్న ధీమా కావచ్చు. కోట యజమానుల వంశవృక్షం ఏ దఫ్తరంలోనైనా దొరుకుతుంది. ఊళ్లో మామూలు జనం సంగతులు మాత్రం నూరేళ్లకు పైగా ఆ యజమానుల కాళ్ల కిందే ఉండిపోయాయి.

వారసత్వ కట్టడం ముందు నిలబెట్టే పలక మీద సాధారణంగా రెండే వివరాలుంటాయి: కట్టించినవారి పేరు, కట్టిన ఏడాది. ఆ ఏడాదికీ ఇవాళ్టికీ మధ్య వందల వానాకాలాలు గడిచాయి. ప్రతి వానకు ముందు ఎవరో ఒకరు మిద్దె ఎక్కి తూములు శుభ్రం చేశారు కాబట్టే కట్టడం నిలిచింది. వాళ్ల పేర్లు పలకకు ఎక్కవు సరే, వాళ్లకు తెలిసిన పని కూడా ఎక్కడా రాసి లేదు. రహస్య చరిత్ర అనగానే సొరంగాలని, నిధులని కథలల్లే ఉత్సాహం మనకు ఎక్కువ. పాత కట్టడంలో అన్నిటికన్నా గుట్టుగా ఉండేది నీళ్లు పోయే దారి.

ఆ దారి తెలియాలంటే నక్షాలు చాలవు. జోరువానలో గొడుగేసుకుని కట్టడం చుట్టూ తిరగాలి. పైకప్పు నీళ్లు ధారగా దూరంగా పడుతున్నాయా, గోడను తడుముతూ దిగుతున్నాయా అన్నది ఎండలో చూస్తే తెలియదు. తూము నోట్లో గుప్పెడు ఎండుటాకులో, పావురం గూడో అడ్డుపడితే చాలు, మిద్దె మీద నీళ్లు నిలుస్తాయి. నిలిచిన నీళ్లు పిట్టగోడ మొదట్లో పగులు వెతుక్కుని లోపలికి దిగుతాయి. దూలం గోడలోకి దూరే చోటు తడుస్తుంది, కొన అక్కడే కుళ్లడం మొదలవుతుంది. బయటికి కనిపించే దూలమంతా నిక్షేపంగానే ఉంటుంది. కింద గోడ మీద మచ్చ తేలేసరికి ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. ఆ మచ్చ మీద రంగు కొట్టించి చేతులు దులుపుకోవడం మనకు అలవాటే. పని తెలిసిన సంరక్షకుడైతే మొనదేలిన ఇనుపచువ్వతో దూలం కొనను గోడ అంచున పొడిచి చూస్తాడు. గట్టి చెక్క చువ్వను ఆపేస్తుంది. కుళ్లినదాంట్లో చప్పుడు లేకుండా దిగిపోతుంది.

రావి మొక్కల సంగతీ అంతే. పిట్ట రెట్టలోని గింజ రాళ్ల సందులో మొలిచి రెండాకులు వేసినప్పుడు గోటితో గిల్లితే పోతుంది. రెండేళ్లు వదిలేస్తే వేరు గోడ మధ్యకు చేరుతుంది. అప్పుడు పట్టుకుని లాగకూడదు, వేరుతోపాటు రాయీ కదులుతుంది. మొదలు దగ్గర కోసి, కోసిన చోటు పచ్చిగా ఉండగానే మొక్కను చంపే మందు పూయాలి. వేరు చచ్చి ఎండాక తీయగలిగినంత తీసి, ఆ ఖాళీని సున్నంతో నింపాలి. పైన నరికేసి ఫొటో దిగి వెళ్లిపోతే, మరుసటి ఏడు అదే మొక్క నాలుగు కొమ్మలతో లేస్తుంది.

నిర్లక్ష్యం కన్నా ఎక్కువ చేటు చేస్తున్నది మంచి ఉద్దేశంతో వాడే సిమెంటు. సున్నం మెత్తనిది, దానిలోంచి చెమ్మ ఆడుతుంది. గోడలో చేరిన చెమ్మ రాళ్ల సందుల్లోని సున్నం గుండా బయటికొచ్చి ఆరిపోతుంది, వెంట తెచ్చిన ఉప్పు ఆ సందుల్లోనే పేరుకుంటుంది. కొన్ని దశాబ్దాలకు సందులోని సున్నం పొడిపొడిగా రాలుతుంది. దాన్ని లోపమనుకోకూడదు. రాయి బదులు తాను అరిగిపోవడమే సున్నం ఉద్యోగం. రాలిన చోట నింపుకుంటూ పోతే రాయి పదికాలాలు ఉంటుంది. అదే సందులో సిమెంటు కూరితే చెమ్మకు దారి మూసుకుపోయి, మెత్తని ఇటుకలోంచో రాయిలోంచో బయటికి రావాల్సివస్తుంది. ఉప్పు దాని పైపొర వెనుక పలుకులుగా పెరిగి పొరను బయటికి తోస్తుంది. కొన్నేళ్లకు సిమెంటు గీతలు వలలా పైకి తేలి నిలుస్తాయి, మధ్యలో ఇటుకలు గుంటలు పడతాయి. పాత ఇటుక గోడ మీద ఈ వల కనిపిస్తే అక్కడ ఎవరి చెయ్యి పడిందో వేరే చెప్పనక్కర్లేదు.

సున్నం పనికి ఓపిక కావాలి. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చి, వచ్చిన పొడిసున్నాన్ని నీళ్లలో వేస్తే సలసల కాగి ముద్దవుతుంది. దానిపై నీళ్లు నిలిపి కనీసం కొన్ని వారాలు, వీలైతే నెలలు మగ్గబెట్టాలి. సరిగా మగ్గని ముద్దలో నీరు తాగని పలుకులు మిగిలి, గోడకెక్కాక ఉబ్బి గచ్చును పొక్కుల్లా లేపుతాయి. ముద్ద ఒక పాలు, కడిగిన గరుకు ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు మామూలు లెక్క. సందును దాని వెడల్పుకు రెట్టింపు లోతున చేత్తో గీకి, దుమ్ము దులిపి, తడిపి, ఆ తర్వాతే కూరాలి. అది మర్నాటికి గట్టిపడేది కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ, తేమ ఉంటేనే, నెలకు ఇంచుమించు మిల్లీమీటరు చొప్పున పైనుంచి లోపలికి గట్టిపడుతుంది. అందుకే తడి గోనెపట్టాలు కట్టి రోజుల తరబడి ఎండ సోకకుండా చూడాలి. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా బిల్లు పెట్టాలన్న హడావుడికీ ఈ పదార్థానికీ బొత్తిగా పొసగదు.

పగులు కనిపించగానే పూడ్చేయడం మరో తొందర. ముందు అది ఇంకా కదులుతున్న పగులో, ఎప్పుడో ఆగిపోయినదో తేల్చాలి. రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తారీఖు వేయాలి. పగులుకు అడ్డంగా పలుచని గాజు ముక్క అతికించాలి. గాజు చిట్లితే గోడ కదులుతున్నట్టే. ఎండా వానా చలీ ఒక చుట్టు తిరిగిందాకా కొలిస్తే, కొన్ని పగుళ్లు కాలాన్ని బట్టి తెరుచుకుని మూసుకుంటాయని తెలుస్తుంది. అలాంటిదాన్ని గట్టిగా బిగిస్తే పక్కనే కొత్తది పుడుతుంది. పాత గోడ మీద ఇలాంటి పెన్సిలు తారీఖు కనిపిస్తే దయచేసి సున్నం కొట్టకండి. ఎప్పటి సంరక్షకుడో వదిలిపోయిన కొలత అది. ఇవాళ ఎంత ఖరీదైన పరికరం తెచ్చినా ఆనాటి కొలత మళ్లీ తీయలేం.

సంరక్షణను కట్టడంలో భాగం చేసుకున్న చోట్లూ ఉన్నాయి. మాలి దేశంలోని జెన్నె మసీదు మట్టి కట్టడం, ఇప్పుడున్న రూపం 1907 నాటిది. తాపీ మేస్త్రీల ఆధ్వర్యంలో ఊరంతా కలిసి ఏటా దానికి కొత్త మట్టిపూత వేస్తారు. గోడల్లోంచి పొడుచుకొచ్చిన తాటికర్రలు చూసేవారికి అలంకారం, పూత వేసేవారికి పరంజా. జపాన్‌లో ఇసే ఆలయాన్ని 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో కొత్తగా కడతారు. 2013లో కట్టింది 62వది. కలప మారిపోతుంది, వడ్రంగుల చేతిపని ఒక తరం నుంచి మరో తరానికి అందుతుంది. లండన్‌లో 1859 నుంచి నడుస్తున్న, బిగ్ బెన్‌గా పేరుపడ్డ వెస్ట్‌మినిస్టర్ గడియారానికి వారానికి మూడుసార్లు కీ ఇస్తారు. లోలకం మీద పాత పెన్నీ నాణెం ఒకటి పెడితే అది రోజుకు 0.4 సెకను ముందుకు జరుగుతుంది. అంత పెద్ద గడియారాన్ని దారిలో పెట్టేది చిల్లర డబ్బులే!

భవనం ఆనుపానులు మనిషికి తెలియకపోతే యంత్రం ఏం చేస్తుంది? 2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లోని నోత్రదామ్ చర్చిలో మంటల హెచ్చరిక మోగింది. అది ఏ అటక గురించి మోగిందో అర్థం చేసుకోవడంలో పొరపాటు జరిగి, కాపలా మనిషి చర్చి పైకప్పులోకి కాకుండా పక్కనున్న చిన్న భవనం అటక మీదికి వెళ్లాడు. అక్కడ మంటల్లేవు. అసలు చోటు తెలుసుకునేసరికి అరగంట దాటింది. మధ్యయుగాల నాటి ఓక్ దూలాల పైకప్పు కాలిపోయింది. చర్చి మళ్లీ తెరుచుకున్నది 2024 డిసెంబరులో.

మన దేశంలో చాలాచోట్ల అసలు మనుషులే లేరు. కేంద్ర రక్షణలోని 3,693 కట్టడాల్లో 248 చోట్ల మాత్రమే కాపలా సిబ్బంది ఉన్నారని 2022 డిసెంబరులో పార్లమెంటు స్థాయీసంఘం నివేదించింది. కావాల్సింది 7,000 మంది, అప్పుడున్నది 2,578 మంది. 24 కట్టడాల ఆచూకీయే అప్పటికి తెలియలేదు. కట్టడం రాత్రికి రాత్రి మాయం కాదు. రోజూ తాళం తీసే మనిషి లేని చోట మొదట గేటు పోతుంది, తర్వాత రాళ్లు పోతాయి, ఆఖరికి ఊళ్లో దాని పేరు పోతుంది. మనిషిని పెట్టినా, కాంట్రాక్టు మారినప్పుడల్లా అతణ్ని మారుస్తుంటే ఏ తూము ముందు పొంగుతుందో నేర్చుకునేలోపే గడువు తీరిపోతుంది.

పాతదాన్ని కొత్తగా చేయబోకండి, రోజువారీ సంరక్షణతో శిథిలం కాకుండా చూడండి అని రచయిత, కళాకారుడు విలియం మోరిస్ 1877లోనే ఇంగ్లండ్‌లో సంఘం పెట్టి మరీ చెప్పాడు. కోట్ల రూపాయల పునరుద్ధరణకు ప్రారంభోత్సవం ఉంటుంది, తూము తీసిన రోజుకు ఉండదు, చిక్కంతా అక్కడే. ప్రతి కట్టడానికీ ఒక శాశ్వత సంరక్షకుణ్ని, ఒక గట్టి అట్ట పుస్తకాన్ని ఇవ్వాలని మేం కోరుతున్నాం. తారీఖు, వాతావరణం, ఏ చోటు, ఏం కనిపించింది, ఏం చేశారు, ఏ పదార్థం ఎన్ని పాళ్లు: ఈ గళ్లు చాలు. ఫొటోలు ఎప్పుడూ ఒకే చోట నిలబడి తీయాలి, లేకపోతే పోల్చి చూడటానికి అక్కరకు రావు. సంరక్షకుడి పదవీ విరమణకు ఏడాది ముందే కొత్త మనిషిని జతచేయాలి, అన్ని కాలాలూ ఇద్దరూ కలిసి చూడాలి కదా. పెద్దాయన్ను కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే చాలా సంగతులు గుర్తుకు రావు. కట్టడమంతా నడిపిస్తూ మాట్లాడించాలి. ఒక తలుపు దగ్గర ఆయన చెయ్యి దానంతటదే గడియను కాస్త పైకెత్తి తోస్తుంది, ఆ తలుపు వానాకాలంలో బిగుసుకుంటుందన్న మాట అప్పుడు నోటికొస్తుంది. ఆయన తండ్రో మేనమామో కూడా అక్కడే పనిచేసి ఉంటే వాళ్లు చెప్పినవీ రాసుకోవాలి. విన్నది వేరుగా, కళ్లారా చూసింది వేరుగా.

ఇక తాళాలు. జెరూసలేంలోని పవిత్ర సమాధి చర్చి తాళంచెవి తరతరాలుగా ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంటుంది, తలుపు తీసే బాధ్యత మరో ముస్లిం కుటుంబానిది. అంత చరిత్ర ఉన్నా లేకున్నా ప్రతి గుత్తినీ లెక్కగట్టాలి. ఒక్కో చెవికి రేకు బిళ్ల కట్టి, తలుపు నంబరు చెక్కి, పుస్తకంలో ఎక్కించాలి. ఏ తాళానికీ పట్టని చెవులు ఒకటో రెండో తప్పక మిగులుతాయి. వాటిని పాత ఇనుము కింద అమ్మేయకూడదు. వాటికీ బిళ్ల కట్టి, ‘తలుపు ఇంకా దొరకలేదు’ అని రాసి గుత్తిలోనే ఉంచాలి.