సవరణ: ఎండిన గుంటలో మిగిలేది గుడ్డే, చేప కాదు

నిన్న కిల్లీఫిష్ అనే చిన్నచేపల్లో వానగుంటల్లో ఉండే రకం గురించి పెట్టిన పోస్టులో "గుంట ఎండినా బతుకుతుంది" అన్న మాట చూసి చేపే బురదలో దాక్కుంటుందని చాలామంది అనుకుంటున్నారు. అలా కాదండీ. నీళ్లు ఇంకితే ఈ చేపలన్నీ చచ్చిపోతాయి. మట్టిలో గుడ్లు మాత్రం ఉంటాయి, లోపలి పిండం ఎదగడం ఆపేసి వానల దాకా అలాగే ఆగుతుంది. జింబాబ్వే, మొజాంబిక్ వానగుంటల్లోని నోతోబ్రాంకియస్ ఫర్జెరి అనే కిల్లీఫిష్ అయితే గుడ్డులోంచి బయటికొచ్చిన రెండు వారాలకే మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు రాగలదు, ఎంత తొందరో చూడండి!

ఇంకోటి, మన విజయవాడ వైపు కాలువల్లో పైపైనే తిరిగే, నెత్తిన తెల్లచుక్క మెరిసే చిన్నచేప కూడా కిల్లీఫిషే, కానీ ఈ రకం కాదు. అది నీటిమొక్కలకు గుడ్లు అంటిస్తుంది. ఆ గుడ్లు ఇలా నెలల తరబడి ఆగేవి కావు, వాటిని తీసి మట్టిలో దాచకండి, దయచేసి.