ఆశ పిల్లలిస్తారు సరే, మరి బడి ఎవరిస్తారు?
శరణార్థి శిబిరం మీద మీరు రాసిన వ్యాసం చదివాను, అక్కడ పిల్లల్ని చూసి పెద్దోళ్ళు ఆశ తెచ్చుకుంటున్నారని, ఆగమన కాలం (క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు) మొదటి ఆదివారం వెలిగించే ఆశ కొవ్వొత్తి కూడా ఆ పిల్లల చేతే వెలిగించారని రాశారు, పిల్లలు ఒకళ్ళకొకళ్ళు తోడుంటారన్నది నిజమే గానీ పెద్దోళ్ళకి ధైర్యం చెప్పే బరువు కూడా వాళ్ళ మీదే పెట్టేస్తే ఎలాగండి? మాది శ్రీకాకుళం. బర్మాలో 1962లో జనరల్ నే విన్ మిలటరీ పాలన వచ్చి, 1964లో షాపులు జాతీయం చేసేశాక మనోళ్ళు బోల్డంతమంది ఓడలెక్కి వచ్చేశారు కదా, అందులో మా అమ్మమ్మ కూడా ఉంది, అప్పటికి చిన్నపిల్ల. అలా వచ్చినోళ్ళని ఉంచిన క్యాంపులో నలుగురికి ఒకటే పలకంట, ఒకరు రాసి ఉమ్ముతో చెరిపేసి పక్కోళ్ళకిచ్చేవారంట, డిసెంబర్లో కిరస్తానీ పిల్లలు నక్షత్రం కడుతుంటే మావోళ్ళు వెదురు పుల్లలు చీరి ఇచ్చేవారంట (మేం హిందువులమే, ఎవరూ ఏమీ అనలేదు). అదంతా నవ్వుతూనే చెప్తాది, కానీ బర్మా కాగితాలు చెల్లవని బడి చుట్టూ తిప్పితే చదువు అక్కడితో ఆగిపోయింది, అది మాత్రం ఏ పలకా తీర్చలేదు. పండక్కి కేకులు, బట్టలు పంచేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ఫోటోలూ బాగా వస్తాయి, దాంతోపాటు మీరు రాసిన ఆ శిబిరం పిల్లలకి బడిలో సీటు, వాళ్ళ భాష వచ్చిన టీచర్ ఒకరు ఉన్నారో లేదో కూడా రాయాల్సింది.