వాచీ గారి వాకింగ్

దేశంలో సమస్యలకు కొదవ లేదు. అయితే అవన్నీ తీరేదాకా ఆగలేని ప్రశ్న ఒకటి కొందరి బీరువాల్లో మూలుగుతోంది. ఆటోమేటిక్ వాచీని పెట్టుకోని రోజుల్లో దాన్ని ఆగిపోనివ్వాలా, వైండర్‌లో పెట్టి తిప్పుతూనే ఉండాలా? దీనిమీద ప్రాణస్నేహితులే మాటలు మానేసే ప్రమాదం ఉంది కాబట్టి, ఎటూ మొగ్గకుండా, పూర్తి బాధ్యతతో విచారిద్దాం.

ముందుగా కక్షిదారుల పరిచయం. ఆటోమేటిక్ వాచీలో బ్యాటరీ ఉండదు. వెనకవైపు అరచక్రం ఆకారంలో రోటర్ అనే లోహపు బిళ్ల ఉంటుంది. మనం చెయ్యి ఊపినప్పుడల్లా అది తిరుగుతూ లోపలి స్ప్రింగును చుడుతుంది. 1920ల్లో జాన్ హార్వుడ్ అనే ఇంగ్లీషాయన చేతి గడియారానికి ఈ ఏర్పాటు చేశాడు. ఆయన రోటర్ అటూ ఇటూ కొట్టుకునేది. పూర్తిగా గుండ్రంగా తిరిగేదాన్ని 1931లో రోలెక్స్ కంపెనీ తెచ్చింది. ఇంత తంటా దేనికయ్యా అంటే, పొద్దున్నే వాచీకి కీ ఇచ్చే శ్రమ మనిషికి తప్పించడానికి.

రెండో కక్షిదారు వైండర్. అద్దం మూత, లోపల మఖ్మల్ దిండు, చిన్న లైటు, అడుగున మోటారు. వాచీని దిండుకు తొడిగి స్విచ్ వేస్తే కాసేపు తిరుగుతుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. నాలుగైదు వేలు పెడితే ఒకటి వస్తుంది. ఇంకా పైకి పోవాలనుకునే వారిని ఆపే శక్తి ఎవరికీ లేదు. బైకు ధరలో కూడా దొరుకుతాయి.

ఇప్పుడు వరస చూడండి. కీ ఇవ్వడం కష్టమని, చెయ్యి కదిలితే చాలని ఆటోమేటిక్ కొన్నాం. ఆ చెయ్యి ల్యాప్‌టాప్ ముందు మౌస్ మీదే ఉండిపోతోందని, పైగా ఒక్క చేతికి నాలుగు వాచీలు పోగయ్యాయని, ఊపడానికి ఇంకో యంత్రం కొన్నాం. గచ్చిబౌలిలో పొద్దున్నే వాకింగ్ చేసే పెద్దమనుషుల్ని గమనించండి. చేతులు బాగానే ఊపుతారు. కానీ ఆ టైములో చేతికి ఉండేది స్మార్ట్ వాచీ, అడుగులు లెక్కపెట్టాలి కదా! రోజు మొత్తంలో చెయ్యి నిజంగా ఊగే ఆ ముప్పావుగంటా వృథా. లక్షల వాచీ ఇంట్లో, ఏసీ గదిలో, తన వాకింగ్ తాను విడిగా చేసుకుంటుంది.

దానికీ డాక్టరు చీటీ లాంటిది ఉంది. రోజుకి ఇన్ని చుట్లు అని. చాలా వాటికి 650 నుంచి 900 దాకా రాస్తారు. ఎటువైపు తిప్పాలన్నది ఇంకో శాస్త్రం. సీకో కంపెనీ వారి మ్యాజిక్ లీవర్ అనే కీ ఎక్కించే ఏర్పాటు ఉన్నవాటిని ఎటు తిప్పినా కీ ఎక్కుతుంది. వాల్జూ 7750 అనే యంత్రం ఉన్నవాటికి ఒక వైపు తిప్పితేనే ఎక్కుతుంది. రెండో వైపు ఎంత తిప్పినా తిరగడమే తప్ప పని జరగదు. పట్టాదారు పాసుపుస్తకం కోసం తిరిగినవారికి ఇంతకంటే వివరించనక్కర్లేదు.

వైండర్ పక్షం వాదన బలమైనదే. వాచీ ఆగితే టైము, తేదీ మళ్లీ పెట్టాలి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు దాకా తేదీ మార్చకూడదు. ఆ వేళలో తేదీ పళ్లచక్రాలు ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే పళ్లు దెబ్బతింటాయి. వర్జ్యం ఉన్న వాచీ అన్నమాట. ఇంత టెన్షన్ మనకెందుకు, తిప్పుతూ ఉంటే పోదా?

పోదు. ప్రతివాది అడిగే ప్రశ్న ఇక్కడే ఉంది. స్విట్జర్లాండ్‌లో పరీక్ష పాసై, టైము కచ్చితంగా చూపుతుందని క్రోనోమీటర్ సర్టిఫికెట్ తెచ్చుకున్న యంత్రానికే రోజుకు 4 సెకన్లు వెనకబడటానికి, 6 సెకన్లు ముందుకు పోవడానికి అనుమతి ఉంది. రోజుకు 6 సెకన్లంటే నెలకు 3 నిమిషాలు. సర్టిఫికెట్ లేని మామూలు వాచీల సంగతి చెప్పక్కర్లేదు. అంటే వైండర్ వాచీని ఆగకుండా చూస్తుంది గానీ సరిగ్గా నడిపించదు. నెలయ్యేసరికి ఎలాగూ ఫోను చూసి టైము సరిచేయాల్సిందే. తేదీ అయినా మిగిలిందా అంటే, ముప్పై ఒకటి లేని నెలలు ఏడాదికి అయిదు. ఆ అయిదుసార్లూ చేత్తో దిద్దాల్సిందే.

పైగా ఈ నిర్విరామ సేవ వల్ల అరుగుదల ఉంటుంది. తిరుమల వెంకన్నకైనా రాత్రి ఏకాంత సేవ ఉంది, తలుపులు మూస్తారు. వైండర్‌లో వాచీకి ఆ భాగ్యం లేదు. ఎవరూ టైము చూడకపోయినా లోపలి చక్రాలు నడుస్తూనే ఉంటాయి. కీ ఎక్కువై స్ప్రింగు తెగుతుందన్న భయం మాత్రం అనవసరం, నిండగానే దాని కొస జారిపోయేలా ఏర్పాటు ఉంది. తిప్పకపోతే నూనె గడ్డకడుతుందన్నదీ పాత నూనెల నాటి మాట.

ఒక మిత్రుడి ఇంట్లో నాలుగు వాచీల వైండర్ ఉంది. వాళ్లమ్మగారు ఊరినుంచి వచ్చి ఆ గదిలోనే పడుకున్నారు. శుక్రవారం రాత్రి పదింటికి ఆవిడ దాని ప్లగ్గు పీకి దోమల మందు మిషన్ పెట్టేశారు. నలభై గంటల ఓపిక ఉన్న వాచీ ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆగింది. డెబ్భై గంటలది సోమవారం రాత్రి ఎనిమిదికి. ఒకదాని తర్వాత ఒకటి, చేవను బట్టి. వాడు ఇల్లంతా ఎగిరిపడుతుంటే ఆవిడ నింపాదిగా అన్నారు: "రాత్రంతా గుర్రుమంటూ అది నిద్రపోదు, నన్ను పోనివ్వదు. కుడతాయేమో అని దోమలకి భయపడ్డాను గానీ, గడియారం తిరగకపోతే ఏమవుతుందిరా?" ఇంతమంది నిపుణులు తేల్చలేని విషయాన్ని ఆవిడ ఒక్క ప్లగ్గుతో తేల్చేశారు. వాళ్లాయన జపాన్ వాచీల కంపెనీ సిటిజన్ సాయంతో బెంగుళూరులో తయారైన హెచ్ఎంటీ జనతాకు రోజూ స్నానమయ్యాక కీ ఇచ్చుకునేవారు. అర నిమిషం పని. ఆగితే మళ్లీ ఇచ్చేవారు.

న్యాయంగా చెప్పాలంటే వైండర్ అవసరమైన జీవులు ఉన్నాయి. పర్పెచువల్ క్యాలెండర్ అనే వాచీలు. ఏ నెలకు ఎన్ని రోజులో, లీపు సంవత్సరం ఎప్పుడో వాటికే తెలుసు. ఆగాయంటే రోజు, తేదీ, నెల, చంద్రుడు అన్నీ ఒక్కొక్కటిగా సరిచేయాలి. కొన్నింటిని పొరపాటున ముందుకు జరిపితే వెనక్కి రావు. ఆ తేదీ వచ్చేదాకా ఆగాలి, లేదా కంపెనీకి పంపాలి. చంద్రుణ్ణి చూపే వాచీ ఆగితే యజమాని ఏం చేస్తాడో తెలుసా? వంటింట్లోకి వెళ్లి, కిరాణా కొట్టువాడు ఉచితంగా ఇచ్చిన గోడ క్యాలెండర్లో పౌర్ణమి ఎప్పుడో చూసుకుంటాడు. పాతిక లక్షల యంత్రానికి ఆధారం అదే.

అలాంటిది ఉన్నవారు నిరభ్యంతరంగా వైండర్ కొనవచ్చు. మామూలు తేదీ వాచీ ఉన్నవారు ఆ డబ్బు బ్యాంకులో వేసుకుని, పెట్టుకోబోయే రోజు వాచీని కాసేపు ఊపి టైము పెట్టుకుంటే సరిపోతుంది.

పర్పెచువల్ యజమానులకు మాత్రం ఒక్క హెచ్చరిక. 2100 లీపు సంవత్సరం కాదు. ఆ సంగతి మీ వాచీల్లో చాలావాటికి తెలియదు. ఫిబ్రవరి 28 తర్వాత నిర్భయంగా 29 చూపిస్తాయి. కాబట్టి మార్చి 1న దాన్ని చేత్తో దిద్దాల్సిన బాధ్యత ఏ మనవడిదో, అప్పటిదాకా వైండర్ కరెంటు బిల్లు ఎవరు కట్టాలో, ఇంటికొచ్చే ముసలమ్మలు ప్లగ్గు పీకకుండా ఎవరు కాపలా ఉండాలో వీలునామాలో విడివిడిగా రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించండి.