ఆరో తరగతికే ర్యాంకులెందుకండీ?

మా అమ్మాయి ఆరో తరగతి. సైన్సు పీరియడ్‌లో "ఆకాశం నీలంగా ఎందుకుంటుంది సార్" అని అడిగితే, "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారట. ఈ వయసులో అడగక ఇంకెప్పుడు అడుగుతుంది? పేరుకేమో ఐఐటీ ఫౌండేషన్!

శనివారం వచ్చిందంటే వీక్లీ టెస్టు. ఆదివారం పొద్దున్నే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ర్యాంకుల జాబితా, అందరి పిల్లల పేర్లతో సహా. మార్కులు తగ్గినవాళ్ళని వేరే సెక్షన్‌కి మార్చేస్తారు. అది ఎవరి సెక్షనో బడిలో పిల్లలందరికీ తెలుసు. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా తప్పేనని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. మరి ఇది వేధింపు కాక ఏమిటి?

నచ్చకపోతే వేరేచోట చేర్పించుకోండి అంటారు. ఎక్కడ? మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన రిషీవ్యాలీ ఉంది, నిజమే. అలాంటి బళ్ళు ఎన్నున్నాయి? నెలజీతం మీద బతికేవాళ్ళం ఆ ఫీజులు కట్టగలమా? పోనీ ఇంట్లోనే చదివించి, ఓపెన్ స్కూల్లో పది రాయిద్దామంటే, "బడి మానేసిన పిల్ల అంటారే" అని మా అత్తయ్య కన్నీళ్ళు. అదెలాగోలా సర్దుకుంటుంది. ఇద్దరం ఉద్యోగాలకి పోతే పగలంతా పిల్ల దగ్గర ఎవరుంటారన్నదే అసలు టెన్షన్.

కనీసం ఆ జాబితా గ్రూపులో పెట్టడం ఆపండి. ఎవరి మార్కులు వాళ్ళింటికే పంపండి. దానికి కొత్త చట్టమేం అక్కర్లేదు కదా!