సంతకం కావాలంటండీ, ఏటీఎం కార్డు మీద!

ఇప్పుడే అమలాపురం నుంచి వచ్చాను. చెమటైనా ఆరలేదు, మంట మీద ఉండగానే రాసేస్తున్నా. మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి బట్టలు తీసుకున్నాం. బిల్లు పన్నెండు వేల చిల్లర. కార్డిస్తే గల్లాపెట్టె దగ్గర కుర్రాడు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "వెనకాల సంతకం లేదండి. చెల్లదండి" అన్నాడు.

ఏంటండీ చెల్లనిది? చిప్పుంది, పిన్ను నా బుర్రలో ఉంది, డబ్బులు అకౌంట్లో ఉన్నాయి. "ఓనర్ గారు చూసి తీసుకోమన్నారండి, సెక్యూరిటీ అండి" అంటాడు. పైగా నా చేతికి బాల్‌పెన్ను ఇచ్చి, "ఇక్కడే పెట్టేయండి, సరిపోద్ది" అన్నాడు. ఆయ్! వాడి కళ్లముందే గీకేస్తే సరిపోయే సెక్యూరిటీ అన్నమాట. రేపు నా కార్డు ఎర్రవంతెన దగ్గర పడిపోయి ఎవడికో దొరికిందనుకోండి, వాడూ అదే పెన్నుతో అక్కడే గీకుతాడు. సరిపోద్ది కదా!

ఆ తెల్లపట్టీ ఎప్పటిదో తెలుసా? కార్డు గీకి, వచ్చిన చీటీ మీద మనం సంతకం పెట్టే రోజులది. కొట్టువాడు కార్డు వెనక్కి తిప్పి రెండూ కలిశాయో లేదో చూడాలని ఏర్పాటు. ఎవడు చూశాడండీ? డెబిట్ కార్డు వాడితే కొట్లో పిన్ కొట్టాలని రిజర్వ్ బ్యాంకు 2013లోనే పెట్టింది. ఉత్త నల్లపట్టీ కార్డులు తీసేసి 2018 ఆఖరుకల్లా చిప్పు కార్డులివ్వాలంది. సంతకాన్ని పట్టుకుని చివరిదాకా వేలాడిన అమెరికాలో కూడా వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డిస్కవర్ నాలుగూ 2018 ఏప్రిల్‌లో 'ఇక సంతకం తీసుకోవాల్సిన పనిలేదు' అని కొట్లవాళ్లకి చెప్పేశాయి. ఆ కబురు మోసుకొచ్చే పడవ ఇంకా గోదావరి దాటినట్టు లేదు.

ఇందులో అసలు కామెడీ వేరే ఉంది. ఐదు వేల లోపు బిల్లయితే కార్డు మిషన్‌కి ఆనిస్తే చాలు, పిన్ను కూడా అడగదు. 2021 జనవరి నుంచి అంతే, అంతకుముందు రెండు వేలు. అంటే దొంగకి నా సంతకమూ అక్కర్లేదు, నా పిన్నూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. కార్డున్నవాడినే నిలబెట్టి అక్షరాలు దిద్దిస్తారు. ఇంకో ముచ్చట, సంతకం పెట్టే పట్టీ పక్కనే మూడంకెల సీవీవీ. ఆన్‌లైన్‌లో కొనడానికి కావాల్సిన నంబరూ, నా సంతకం నమూనా, రెండూ పక్కపక్కనే పెట్టి దొంగగారికి అప్పజెప్పాలన్నమాట. తాంబూలం కూడా పెట్టమంటారా?

(కార్డు మీద చిన్న అక్షరాల్లో 'సంతకం లేకపోతే చెల్లదు' అనుంటుంది కదా అని కామెంట్లలోకి వచ్చేవాళ్లకి: ఉంటుంది. పాత కార్డులకి. ఇప్పుడు కొన్ని కార్డులకి ఆ పట్టీయే లేదు. వాటినేం చేస్తారు, నుదుటి మీద పెట్టించుకుంటారా సంతకం?)

సరే, సంతకానికి అసలు విలువే లేదంటే ఒప్పుకోను. చెక్కు మీద ఉంది. సంతకం కలవక చెక్కు వెనక్కొచ్చినా 138 సెక్షన్ కింద చెక్ బౌన్స్ కేసు పెట్టొచ్చని 2012లో సుప్రీంకోర్టే తేల్చింది. మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక చెయ్యి వణుకుతుంది. ఎప్పుడో ఖాతా తెరిచినప్పుడు గుండ్రంగా పెట్టిన సంతకం ఇప్పుడు పెట్టమంటే ఎక్కడ నుంచి తెస్తాడు? ఎదురుగా మనిషి, చేతిలో ఆధార్, పక్కన నేను. "కలవట్లేదండి" అంటారు బ్యాంకులో. మనిషి కలిశాడు కదండీ!

పోనీ, సంతకం అంటే ఇంత పట్టింపు ఉన్న దేశమే కదా. మరి కావాల్సిన చోట ఎందుకు పెట్టించరు?

మా బాబాయి కౌలుకి చేస్తాడు. సార్వా, దాళ్వా రెండు పంటలూ కలిపి ఎకరానికి ముప్పై బస్తాల మక్తా, అదే కౌలు. కామందు, అంటే పొలం యజమాని, హైదరాబాదులో ఉంటాడు. పంట రుణమైనా, పరిహారమైనా కౌలురైతు చేతికి రావాలంటే కౌలు కార్డు కావాలి. మన ఆంధ్రా 2019 చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే కామందు సంతకం పెట్టాలి. ఒప్పందం పదకొండు నెలలకే, హక్కు పంట మీదే, భూమి మీద కాదని చట్టంలోనే ఉంది. అయినా పెట్టడు. సంతకం పెడితే పొలం పోతుందంట! ఏటా సంక్రాంతికి కారేసుకుని వస్తాడు, బరి దగ్గర కోడి మీద నోట్లకట్టలు కాస్తాడు, మా ఇంట్లో పూతరేకులు తింటాడు. బాబాయి కాగితం తీస్తే, "ఇప్పుడెందుకోయ్, పండగపూట. చూద్దాంలే" అంటాడు.

పోయినేడు తుఫానుకి కోతకొచ్చిన చేను నీళ్లలో పడుకుని మొలకలొచ్చేసింది. పరిహారం కామందు ఖాతాలో పడింది. "మక్తాలో తగ్గించుకుందాంలే" అన్నాడు. బస్తా తగ్గించలేదు. పంట రుణం ఆయన పాస్‌బుక్ మీద ఆయనకే ఇస్తారు, గడువులో కడితే నాలుగు శాతం వడ్డీ. నాగలి మొహం చూసి ఎన్నాళ్లయిందో ఆయన! దుక్కి దున్నిన మా బాబాయి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఏడాదికి ముప్పై ఆరు శాతం, లెక్కేసుకోండి. అదేంటని అడిగితే ఆఫీసులో ఒకటే మాట, "కామందు సంతకం లేదు కదండీ."

పిన్ను ఉన్నవాడి దగ్గర సంతకం అడిగే కొట్టు ఓనరు గారూ, తవరు కూడా అయినవిల్లి వైపు పొలం కౌలుకిచ్చారని విన్నాను. కౌలు కార్డు కాగితం మీద పెట్టారా మరి? పెట్టిన కామందు కోనసీమలో ఎవరైనా ఉంటే కింద కామెంట్లో ఊరు రాయండి. సిగ్గుపడకండి, నేనే వచ్చి దండేసి వెళ్తాను.